సింహానికి కాదు, దోమకు భయపడండి

తెనాలి నుంచి రిటైరైన లెక్కల మాస్టారొకరు ఇలా రాశారు: "డాక్టరు గారూ! మా అమ్మాయీ అల్లుడూ నైరోబీలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఆగస్టులో మమ్మల్ని రమ్మంటున్నారు. వారం రోజులు అడవిలో డేరాల్లో వుండి, జీపులో తిరిగి జంతువులను చూడాలట. నాకు 63 ఏళ్లు. పదేళ్లుగా చక్కెర వ్యాధికి మాత్రలు వాడుతున్నాను. మా ఆవిడకు 58, రక్తపుపోటు వుంది. మేము ఇలాంటి ప్రయాణం చేయవచ్చునా? డేరాలోకి సింహం వస్తే ఏమిటి గతి అని మా ఆవిడ అడుగుతోంది."

వెళ్లవచ్చు మాస్టారూ, నిక్షేపంగా వెళ్లవచ్చు. చక్కెర వ్యాధి వున్నవాళ్లూ బి.పి. వున్నవాళ్లూ కాశీయాత్ర తప్ప మరే యాత్రా చేయకూడదన్న నియమం ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు. అయితే ఆరేడు వారాల ముందే తయారు కావాలి. టిక్కెట్లు కొన్నాక, సూట్‌కేసులు సర్దాక, ప్రయాణం ఎల్లుండనగా "ఏమన్నా మాత్రలు రాసిపెట్టండి డాక్టరు గారూ" అని వచ్చేవారికి నేను చేయగలిగింది చాలా తక్కువ.

ముందుగా మీ శ్రీమతి గారి ప్రశ్నకు జవాబు. 1896 నుంచి 1901 వరకు మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు దాకా ఆంగ్లేయులు రైలుమార్గం వేశారు. దానికోసం మన దేశం నుంచి దాదాపు 32,000 మంది కూలీలను, పనివారిని ఓడల్లో తీసుకెళ్లారు. పంజాబు వైపువారే ఎక్కువ. 1898లో సావో నది వంతెన దగ్గర రెండు సింహాలు డేరాల్లోంచి కూలీలను ఈడ్చుకుపోయాయి. ఆ కథ మీద పుస్తకాలొచ్చాయి, సినిమాలొచ్చాయి. కాని ఆ రైలు పనిలో చనిపోయిన మన వాళ్లు 2,500 మంది దాకా వున్నారు. సింహాల పాలైనవారు వారిలో చాలా కొద్దిమంది. మిగిలినవారిని రోగాలూ ప్రమాదాలూ తీసుకుపోయాయి. వారి మీద ఎవరూ సినిమా తీయలేదు. ఈనాటికీ లెక్క అదే. డేరా జిప్పు పూర్తిగా వేసుకుని లోపల పడుకున్న మనిషి జోలికి సింహం రావడం బహు అరుదు. ఆ జిప్పు సందులోంచి దూరే దోమ సంగతి అలా కాదు.

ఇక టీకాల విషయం. కెన్యా, ఉగాండా వంటి దేశాల్లో ఎల్లో ఫీవరు అనే జబ్బు వుంది. మనం పచ్చకామెర్లు అనుకునే జబ్బు వేరు, ఇది వేరు. ఇది దోమ ద్వారా వచ్చే వైరస్ జ్వరం. ముదిరితే కళ్లు పచ్చబడి, రక్తస్రావమై ప్రాణం తీస్తుంది. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. టీకా మాత్రం బ్రహ్మాండమైనది. 1930లలో దీన్ని తయారుచేసిన మాక్స్ థైలర్‌కు 1951లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ జబ్బు మన దేశానికి ఇంతవరకూ రాలేదు. కాని దాన్ని మోసే ఈడిస్ దోమ మనింటి పూలకుండీల్లోనే వుంది. మనకు డెంగ్యూ తెచ్చిపెడుతున్నది ఆ దోమే. ఎవరో ఒకరు ఒంట్లో ఆ వైరస్‌తో దిగితే ఇక్కడి దోమలకు అది చాలు. అందుకే మన ప్రభుత్వం ఈ విషయంలో చాలా కఠినంగా వుంటుంది. ఆ దేశాల నుంచి వచ్చేవారి దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే విమానాశ్రయం నుంచే తీసుకెళ్లి ఆరు రోజుల దాకా విడిగా వుంచుతారు. తీరా ఇంటికి వచ్చే రోజున ఈ తద్దినం ఎందుకు?

ఈ టీకా మీ వీధి చివరి డాక్టరు వేస్తే చెల్లదు. ప్రభుత్వం అనుమతించిన కేంద్రంలోనే వేయించుకుని, పాస్‌పోర్టు నంబరుతో, ముద్రతో పసుపుపచ్చ పుస్తకం తీసుకోవాలి. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటి కేంద్రం. ఏ రోజుల్లో వేస్తారో ముందు కనుక్కుని బయలుదేరండి. టీకా వేసిన పదో రోజు నుంచి సర్టిఫికెట్ అమలులోకి వస్తుంది. పూర్వం పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవలసి వచ్చేది; 2016 జూలై నుంచి ఒక్కసారి వేయించుకుంటే జన్మంతా చెల్లుతుంది.

మాస్టారి విషయంలో ఒక ముఖ్యమైన మాట వుంది. ఇది ప్రాణమున్న వైరస్‌ను బలహీనపరచి చేసిన టీకా. 60 దాటినవారికి మొదటిసారి వేసినప్పుడు తీవ్రమైన దుష్ఫలితాలు చిన్న వయసువారిలో కంటె ఎక్కువగా కనిపించాయి. అరుదే, కాని వున్న మాట చెప్పాలి కదా! అందుచేత 63 ఏళ్ల మీరు వరసలో నిలబడి చేయి చాపేయకుండా, కూర్చుని డాక్టరుతో మాట్లాడి, మీ పాత చీట్లన్నీ చూపించి అప్పుడు వేయించుకోండి. చక్కెర వ్యాధి ఒక్కటే వున్నంత మాత్రాన ఈ టీకా పనికిరాదని లేదు. స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ మోతాదులో వాడుతున్నవారు, కాన్సరు మందులు వాడుతున్నవారు, కోడిగుడ్డు తింటే తీవ్రమైన ఎలర్జీ వచ్చేవారు, థైమస్ గ్రంథి జబ్బు వున్నవారు వేయించుకోకూడదు. తొమ్మిది నెలలు నిండని పసిపిల్లలకు వేయరు. గర్భిణి విషయానికొస్తే, టీకా మాట అటుంచి, ఆ ప్రయాణమే వద్దని నా సలహా. ఏనుగులు ఎక్కడికీ పోవు, వచ్చే ఏడు చూడవచ్చు. టైఫాయిడ్‌కు, ధనుర్వాతానికి, కామెర్లలో ఎ రకానికి కూడా టీకాలున్నాయి. అవీ ఈ ఒక్క రాకపోకలోనే అడిగి తేల్చుకోండి.

ఇప్పుడు దోమ దగ్గరకు వద్దాం. దోమ పొట్టలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. అంత దగ్గర సంబంధం వుండి కూడా మలేరియా అంటే మనకు చులకన. "మా చిన్నప్పుడు చలిజ్వరం ఎన్నిసార్లు రాలేదు! రెండు మాత్రలు మింగి పొలం వెళ్లాం" అంటారు. ఆనాడు మైదానాల్లో ఎక్కువగా చూసినది వైవాక్స్ రకం. రోజు విడిచి రోజు వణికించి వదిలిపెట్టేది. ఆఫ్రికాలో ఎక్కువగా వున్నది ఫాల్సిపారం. మన విశాఖ మన్యంలో పనిచేసిన డాక్టర్లకు దాని ప్రతాపం తెలుసు. అది మెదడుకెక్కుతుంది, మూత్రపిండాలను పట్టుకుంటుంది, నిన్న నడిచిన మనిషిని రేపటికి స్ట్రెచరు మీద పడుకోబెడుతుంది. ఎప్పుడో చిన్నతనంలో వచ్చిన చలిజ్వరం మిమ్మల్ని దాన్నుంచి కాపాడదు. వేపాకు కషాయమూ కాపాడదు. కషాయం మీద నమ్మకం వున్నవారు తాగండి, నాకు అభ్యంతరం లేదు. దాన్ని నమ్ముకుని మాత్రలు మానేయవద్దు.

నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున వుంది కనుక అక్కడ మలేరియా తక్కువ. మీ అమ్మాయి "మేము ఏ మాత్రలూ వేసుకోవడం లేదు నాన్నా" అంటే అది నైరోబీ మాట. మసాయిమారాకో, సావోకో, మొంబాసా తీరానికో దిగితే కథ మారిపోతుంది. పాత క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. ఇప్పుడు వాడేవి మూడు. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్ర ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, రోజుకొకటి చొప్పున, తిరిగివచ్చాక ఏడు రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ కూడా అలాగే మొదలుపెట్టాలి గాని తిరిగివచ్చాక నాలుగు వారాలు సాగాలి. దీనివల్ల ఎండకు చర్మం కమిలే గుణం వుంది. తిన్న తరువాత నిండు గ్లాసు నీళ్లతో మింగి, వెంటనే పడుకోకుండా వుండాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు అది కూడదు. మూడోది మెఫ్లోక్విన్, వారానికొకటి. రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టి, వచ్చాక నాలుగు వారాలు వేసుకోవాలి. మూర్ఛలు, మనోవ్యాధి ఎప్పుడైనా వచ్చినవారికి ఇది పనికిరాదు. మీకేది తగినదో మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే చెప్పాలి. ఎదురింటివారి చీటీ చూపించి మందుల షాపులో కొనకండి.

మాత్ర ఒక్కటే చాలదు. సాయంకాలం కాగానే నిండు చేతుల చొక్కా, పాంటు, మేజోళ్లు వేసుకోండి. డీట్ అనే మందు కలిసిన పూత ఒంటికి రాసుకోండి. రాత్రి దోమతెర దిండు కిందికి, పరుపు కిందికి దోపండి. ఆడవాళ్లు చీరలో జీపెక్కి దిగే అవస్థ పడేకంటె ఈ వారం రోజులూ సల్వారు కమీజు వేసుకుంటే కాళ్లూ చేతులూ కప్పినట్టూ వుంటుంది, కదలడానికి వీలుగానూ వుంటుంది.

రంగు కూడా చూసుకోవాలండోయ్! సెట్సీ అనే ఈగ ఒకటి అక్కడ పగటి పూట కుడుతుంది. కొన్నిచోట్ల నిద్రజబ్బును తెచ్చేది అదే. దానికి ముదురు నీలం, నలుపు రంగులంటే పరమ ఇష్టం. దాన్ని పట్టడానికి అడవుల్లో కట్టే వలలు నీలం, నలుపు గుడ్డలతోనే చేస్తారు. నీలం జీన్స్ వేసుకుని వెళ్లడమంటే ఆ వలను మీరే తొడుక్కుని తిరగడం. పలచటి గుడ్డ మీంచి కూడా అది కుడుతుంది, దోమల పూతను అంతగా లెక్కచేయదు. మా నాన్నగారి తరంలో గుమాస్తా నుంచి మంత్రి దాకా అందరూ సఫారీ సూట్లు కుట్టించుకున్నారు. ఆ ఖాకీ రంగు, బూడిద రంగు అసలైన సఫారీకి ఇలా పనికొస్తాయని వారికి తెలుసో లేదో. స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణమే. మన హైదరాబాదు వాళ్లు సఫర్ అంటారే, ఆ అరబ్బీ మాటే అక్కడికీ చేరింది.

భూమధ్యరేఖ కదా అని పలచటి బట్టలతోనే వెళ్లకండి. ఆగస్టులో ఆ ఎత్తయిన మైదానాల మీద రాత్రుళ్లు మన కోస్తా డిసెంబరు కంటె చలిగా వుంటాయి. టాంజానియాలో గోరంగోరో అంచు 2,300 మీటర్ల ఎత్తు. స్వెట్టరు, మంకీ క్యాప్ పెట్టుకోండి. మనవలు నవ్వితే నవ్వనివ్వండి. పగలేమో చల్లగాలి తగులుతూ వుంటుంది కనుక ఎండ తెలియదు, సాయంకాలానికి ముఖం కాలిపోయి వుంటుంది. కనుక వెడల్పు అంచు టోపీ తప్పదు.

డేరాలో రాత్రి అసలు సమస్య సింహం కాదు, మూత్రం. ఇది చెప్పడానికి డాక్టర్లే మొహమాటపడతారు. చక్కెర వ్యాధి వున్నవారు, ప్రోస్టేట్ పెరిగిన పెద్దవారు రాత్రి రెండు మూడు సార్లు లేస్తారు. చాలా విడుదులకు కంచె వుండదు. చీకట్లో మరుగుదొడ్డికి యాభై అడుగులు నడవడమంటే అది ప్రమాదమే. నీటిగుర్రం పగలంతా నీళ్లలో వుండి రాత్రి గడ్డి మేయడానికి ఒడ్డెక్కుతుంది. దానికీ నీటికీ మధ్య మనిషి అడ్డం వస్తే ఊరుకోదు. అందుచేత వెడల్పు మూతి, బిగువైన మూత వున్న డబ్బా ఒకటి డేరాలో పెట్టుకోండి. ఆడవాళ్లు మూతవున్న చిన్న బకెట్ పెట్టుకోండి. రక్తపుపోటుకు మూత్రం ఎక్కువ చేసే మాత్ర వాడుతున్నవారు దాన్ని పొద్దుటే వేసుకునేలా మీ డాక్టరును అడిగి మార్చుకోండి. బయటకు పోక తప్పకపోతే టార్చి వేసి కాపలాదారుణ్ణి పిలవండి. అతనున్నది అందుకే.

పగలు దీనికి తిరగబడిన సమస్య. జీపులో ఆరేడు గంటలు వుండాలి, దిగడానికి వీల్లేదు కనుక ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. మూడో రోజుకు మూత్రంలో మంట, నాలుగో రోజుకు జ్వరం. అమ్మా! నీళ్లు తాగండి. ఆగవలసిన చోట డ్రైవరుకు నిర్మొహమాటంగా చెప్పండి. అతనికిది కొత్త కాదు. ఆ రోడ్ల మీద కుదుపులకు అక్కడి డ్రైవర్లు "ఆఫ్రికా మసాజ్" అని ముద్దుపేరు పెట్టారు. నడుంనొప్పి వున్నవారు వెనక సీట్లో కాక మధ్య సీట్లో కూర్చుని బెల్టు కట్టుకోండి.

మాస్టారికి మరో హెచ్చరిక. జంతువులను చూడాలంటే తెల్లవారు జామున బయలుదేరతారు. టిఫిను ఎప్పుడో తొమ్మిదింటికి చెట్టుకింద. మీరు అలవాటుగా లేవగానే చక్కెర మాత్ర వేసుకుంటే, ఎదురుగా చిరుతపులి కనిపించే వేళకు ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, కళ్లు చీకట్లు! అది పులి భయం కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం. మాత్రను తిండితో ముడిపెట్టండి గాని గడియారంతో ముడిపెట్టకండి. అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనక. జేబులో గ్లూకోజు, బిస్కెట్లు ఎప్పుడూ వుండాలి. ఇన్సులిన్ వాడేవారు దాన్ని చేతిసంచిలోనే వుంచుకోవాలి. విమానం అడుగున వేసే సామానులో పెడితే గడ్డకట్టి పాడవుతుంది. డేరా చుట్టూ తుమ్మజాతి ముళ్లు వుంటాయి కనుక చెప్పుల్లేకుండా ఒక్క అడుగూ వేయవద్దు. పొద్దున బూట్లు తిరగేసి దులిపి తొడుక్కోండి, రాత్రి తేలు దూరి వుండవచ్చు.

తిండికి ఇబ్బంది పడరు. అక్కడివారి ఉగాలీ మన సంకటికి అన్నదమ్ములాంటిదే, కాకపోతే మొక్కజొన్న పిండితో చేస్తారు. చపాతీ, సమోసా అక్కడివారికి ఇంటి వంటలైపోయాయి. వేడివేడిగా వున్నది తినండి. కోసిపెట్టిన పళ్లముక్కలు, పచ్చి కూరముక్కలు, ఐసు ముట్టవద్దు. నీళ్లు సీలు వున్న సీసావో, బాగా మరిగించినవో తాగండి. పళ్లు తోముకోవడానికీ అవే. మన వాళ్లు ఆవకాయ, కందిపొడి, చక్కిలాలు ప్లాస్టిక్ సంచుల్లో కట్టుకుపోతారు. కెన్యాలో 2017 నుంచీ, టాంజానియాలో 2019 నుంచీ ప్లాస్టిక్ సంచులు నిషేధం. స్టీలు డబ్బాల్లో పెట్టుకోండి. ఒక్క ముక్క కూడా రాత్రి డేరాలో వుంచకండి, జీపులోనో వంటశాలలోనో పెట్టించండి. వాసనకు చీమల మొదలు దుమ్ములగొండుల దాకా వస్తాయి. పగలు కోతుల బెడద. వాటికి చేత్తో తినిపించి ఫొటో తీయించుకునే సరదా వద్దు. కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, కుక్కకాటుకు వేసే టీకా ఆ రోజే వేయించుకోవాలి.

విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలిపి, కొంచెం కొంచెంగా తాగుతూ వుండండి. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు పది తీసుకెళ్తే ఇంకా మేలు. నెత్తురు పడినా, జ్వరం వచ్చినా విరేచనాలు కట్టే మాత్ర వేసుకోకుండా డాక్టరును చూడాలి. అడవిలో డాక్టరెక్కడ అంటారా? నైరోబీలో 1957 నుంచి విమానాల్లో వచ్చి రోగులను తీసుకెళ్లే డాక్టర్ల సంస్థ వుంది. దానికి డబ్బవుతుంది కనుక ఆరోగ్య భీమాలో విమాన తరలింపు వుందో లేదో చదివి సంతకం పెట్టండి.

విక్టోరియా సరస్సులో గాని, అలాంటి చెరువులూ కాలువల్లో గాని కాలు పెట్టవద్దు. ఆ నీటి నత్తల నుంచి వచ్చే కంటికి కనబడని పురుగు చర్మం గుండా దూరిపోతుంది. నెలల తరువాత మూత్రంలో రక్తమో, పొట్టలో జబ్బో బయటపడుతుంది. మందు వుంది, కాని జబ్బు ఇదని తోచాలి కదా!

అందరూ మరిచిపోయేది తిరిగివచ్చాక తీసుకోవలసిన జాగ్రత్త. కొన్నేళ్ల కిందట మా ఆసుపత్రికి ఒక బ్యాంకు ఉద్యోగిని తీసుకొచ్చారు. అయిదు రోజులుగా జ్వరం. బయట వైరల్ జ్వరమని సెలైన్లు ఎక్కించారట. కళ్లు పచ్చబడ్డాయి, పేరు అడిగితే తడుముకుంటున్నాడు. ఈ మధ్య ఊళ్లు తిరిగారా అని అడిగితే భార్య "ఎక్కడికీ లేదండీ" అంది. కాసేపాగి, "రెండు వారాల కిందట ఆఫ్రికా నుంచి వచ్చాం, అంతే" అంది! రక్తం చూస్తే నిండా ఫాల్సిపారం. విమానం దిగిన రోజునే ఇద్దరూ మలేరియా మాత్రలు ఆపేశారు, సెలవు అయిపోయింది కదా అని. ఆర్టిసునేట్ ఇంజక్షన్లతో బతికాడు గాని మూత్రపిండాలు తేరుకునేదాకా డయాలిసిస్ చేయవలసి వచ్చింది.

కనుక మాత్రల కోర్సు చివరిదాకా వేసుకోండి. వేసుకున్నా సరే, వచ్చిన మూడు నెలల్లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. ఒకసారి మలేరియా లేదని వచ్చినా జ్వరం వుంటే 12 నుంచి 24 గంటలకొకసారి చొప్పున మరో రెండుసార్లు చేయించాలి. డాక్టరు అడిగేదాకా ఆగకండి. ఏ దేశం వెళ్లారు, ఏయే చోట్ల పడుకున్నారు, ఏ తేదీన వచ్చారు, ఏ మాత్రలు ఎన్ని రోజులు వేసుకున్నారు అన్నవి ఒక కాగితం మీద రాసి మాస్టారు తన పర్సులోనూ, వారి శ్రీమతి తన సంచిలోనూ మూడు నెలలు వుంచుకోండి. ఆ బ్యాంకు ఉద్యోగిలా మీకు మాట తడబడే స్థితి వచ్చినా, కాగితం చూసి మీ వాళ్లు చెబుతారు.